బొమ్మ మసకైనా సరే, లెక్క తప్పొద్దు: టైమ్‌కోడ్ వేసిన చిన్న వీడియో కాపీ ఎలా తీయాలి

"అన్నా, తాత నవ్వినంక మగ్గం చప్పుడు ఆపాలన్నవ్ గదా. ఏ నవ్వు? మూడుసార్లు నవ్విండు."

పుట్టపాకలో ఒక తాత మగ్గం మీద నేసే తేలియా రుమాళ్ల గురించి నేను చేసిన 12 నిమిషాల డాక్యుమెంటరీకి సౌండ్ చేస్తున్న తమ్ముడు హైదరాబాద్ కృష్ణానగర్ నుంచి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. నేను నల్గొండలో నా కంప్యూటర్ ముందు ఉన్నాను. అతని దగ్గర నేను పంపిన ఉత్త వీడియో ఉంది, నా ముందు ఎడిటింగ్ టైమ్‌లైన్ ఉంది. చూస్తున్నది ఒకే సినిమా. కానీ "ఇదిగో, ఇక్కడ" అని ఒకరికొకరం చూపించుకునే దారి లేదు. "ఆయన రుమాలు ఎత్తి చూపిస్తడు చూడు, దానికి ముందు వచ్చే నవ్వు" అని నేనంటే, "రుమాలు రెండుసార్లు ఎత్తిండు గదన్నా" అని అతను. ఒక్క చప్పుడు ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అట్లాంటి చోట్లు ఇంకా నలభై దాకా మిగిలే ఉన్నాయి.

ఆ రాత్రే టైమ్‌కోడ్ వేసిన కాపీ తీసి పంపాను. బొమ్మ కింద నల్లటి పట్టీ మీద తెల్లటి అంకెలు పరుగెత్తే చిన్న ఫైల్ అది. ఎడిటింగ్ గదుల్లో చాలాసార్లు చూసే ఉంటారు. చూడ్డానికి చాలా మామూలు వస్తువు. కానీ దాన్ని సరిగ్గా తీయడంలో ఎన్ని మెలికలు ఉన్నాయో ఆ సినిమా పూర్తయ్యేసరికి నాకు బాగా అర్థమైంది.

హైదరాబాద్‌లో అందరూ ఒకే వీధిలో ఉంటే ఎడిట్ రూమ్‌కి వచ్చి స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తారు. నల్గొండ, పాలమూరు లాంటి చోట్ల కూర్చుని పనిచేసేవాళ్లకు ఆ వీలు ఉండదు. నా సినిమాకు సౌండ్ కృష్ణానగర్‌లో, వ్యాఖ్యానం మహబూబ్‌నగర్‌లో, సబ్‌టైటిల్స్ ఇంకెక్కడో. మా అందరినీ కలిపింది ఆ అంకెలే.

ముందుగా ఒక చిక్కుముడి విప్పాలి. "చిన్న ఫైల్ తీయాలి" అనగానే మనవాళ్లు రిజల్యూషన్ తగ్గిస్తారు, ఫ్రేమ్ రేట్ తగ్గిస్తారు, చేతికందిన సెట్టింగ్ అల్లా మారుస్తారు. నిజానికి ఇందులో రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఫైల్ ఎంత చిన్నగా ఉండాలన్నది బిట్‌రేట్, అంటే సెకను వీడియోకు ఖర్చుపెట్టే డేటా, తేలుస్తుంది. ఫైల్ నమ్మదగినదా కాదా అన్నది ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే ఎన్ని విడి బొమ్మలు), టైమ్‌కోడ్ తేలుస్తాయి. మొదటిదాంట్లో ఎంత పిసినారితనం చూపించినా పని నడుస్తుంది. రెండోదాంట్లో ఒక్క ఫ్రేమ్ కూడా వదులుకోవద్దు.

గడియారంలా కనిపించే ఇంటి నంబరు

టైమ్‌కోడ్ ఇలా ఉంటుంది: 01:07:42:11. గంట, నిమిషం, సెకను, చివర ఫ్రేమ్. చూడగానే గడియారం అనుకుంటాం. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. ఇది గడియారం కాదు, ప్రతి ఫ్రేమ్‌కు ఇచ్చిన ఇంటి నంబరు. ఆ నంబరున్న ఫ్రేమ్ సినిమా మొత్తంలో ఒక్కటే ఉంటుంది. తాత ఎన్నిసార్లు నవ్వినా సరే, రెండో నవ్వు ముగిసిన ఫ్రేమ్ ఏదో ఆ నంబరే చెప్తుంది.

చివరి రెండంకెలు ఎంతవరకు వెళ్తాయన్నది ఫ్రేమ్ రేట్‌ను బట్టి ఉంటుంది. మన థియేటర్ సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, కాబట్టి 00 నుంచి 23 దాకా పోయి మళ్లీ సున్నాకు వస్తుంది. మన టీవీకి 25. 1982లో దేశంలో కలర్ టీవీ వచ్చినప్పుడు తీసుకున్న పాల్ పద్ధతి లెక్క అది, ఇక్కడ అంకె 24 దాకా పోతుంది. 30 ఫ్రేముల పద్ధతిలో 29 దాకా. ఎవరైనా ఫైల్ పంపితే దాన్ని ఆపి, ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుపుతూ చివరి అంకె ఎక్కడ తిరిగి సున్నా అవుతుందో చూడండి. ఆ ఫైల్ ఏ జాతిదో సగం తెలిసిపోతుంది.

సగమే ఎందుకంటే, అసలు తిప్పలు పెట్టేవి దశాంశాలు. 1953లో అమెరికా కలర్ టీవీ పద్ధతి ఖరారు చేసుకున్నప్పుడు రంగు సంకేతం, శబ్ద సంకేతం ఒకదాన్నొకటి చెడగొట్టకుండా సెకనుకు 30 ఫ్రేముల వేగాన్ని వెయ్యింట ఒక వంతు తగ్గించారు. అది 29.97 అయింది. ఆ లెక్కకు తగ్గట్టే 24 కాస్తా 23.976 అయింది. ఆ దేశపు టీవీతో మనకు సంబంధం లేదు, నిజమే. కానీ మనం కొనే కెమెరాల్లో చాలావాటి మెనూలో "24" అని కనిపించేది లోపల 23.976. డబ్బాలోంచి తీసి షూటింగ్ మొదలుపెట్టిన రోజే ఆ దశాంశం మన సినిమాలోకి వచ్చేస్తుంది.

29.97 దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఫ్రేములు కాస్త నెమ్మదిగా వస్తాయి కాబట్టి, వాటిని 30 చొప్పున లెక్కపెడుతూ పోతే గంటకు 3.6 సెకన్ల తేడా పేరుకుంటుంది. దాన్ని సరిచేయడానికి డ్రాప్ ఫ్రేమ్ అనే ఏర్పాటు పెట్టారు. ప్రతి నిమిషం మొదట్లో రెండు నంబర్లు దాటేస్తారు, పదో నిమిషంలో మాత్రం దాటెయ్యరు. పేరు చూసి భయపడాల్సిన పని లేదు, బొమ్మలో ఒక్క ఫ్రేమ్ కూడా పోదు, నంబర్లు మాత్రమే పోతాయి. అంకెల మధ్య చివరి చుక్కల చోట సెమీకోలన్ కనిపిస్తే అది డ్రాప్ ఫ్రేమ్ అని గుర్తు. మన దగ్గర పనిచేసేవాళ్లకు దీని అవసరం చాలా అరుదు. ఎక్కడైనా పొరపాటున అది ఆన్ అయి ఉంటే ఆఫ్ చేసుకోవడం మంచిది.

చప్పుడు ముందు, దెబ్బ తర్వాత

ఇప్పుడు నా సినిమాకు జరిగింది చెప్తాను. టైమ్‌కోడ్ కాపీ వెళ్లింది, తమ్ముడు సంతోషపడ్డాడు. మగ్గం దెబ్బలు ఎక్కడెక్కడ పడుతున్నాయో నంబర్లు రాసుకుని, తన సౌండ్ సెషన్‌లో ఆ నంబర్లు టైప్ చేసి చప్పుళ్లు పెట్టుకుంటూ పోయాడు. వారం తర్వాత మిక్స్ వచ్చింది. నా టైమ్‌లైన్ మీద వేసి చూశాను. మొదటి నిమిషం అద్భుతంగా ఉంది. గుంట మగ్గంలో కూర్చున్న తాత కాలు తొక్కడం, నాడె అటునుంచి ఇటు పోవడం, పేక దారం దగ్గరికి పడే దెబ్బ, దెబ్బతోపాటే "టక్" అన్న చప్పుడు. ఆరో నిమిషానికి ఏదో తేడా కొట్టింది. చివరి నిమిషంలో దెబ్బ పడకముందే "టక్" అని వినబడుతోంది. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, చప్పుడు అప్పటికే అయిపోయింది.

కారణం కనిపెట్టడానికి ఒక పూట పట్టింది. నా టైమ్‌లైన్ 23.976. అతని సెషన్ 24. రెండింట్లోనూ అంకెలు 23 దాకానే పోతాయి, అందుకే స్క్రీన్ మీద ఎంత చూసినా తేడా తెలియదు. కానీ టైమ్‌కోడ్ గడియారం కాదని పైన చెప్పిన మాట ఇక్కడ అక్కరకొస్తుంది. 23.976లో ఒక "సెకను" నంబరు నిజమైన సెకను కంటే వెయ్యింట ఒక వంతు ఎక్కువ సేపు నడుస్తుంది. నా టైమ్‌లైన్‌లో 12 నిమిషాల నంబరు వచ్చేసరికి నిజంగా గడిచేది 720.72 సెకన్లు. అతని సెషన్‌లో అదే నంబరు సరిగ్గా 720 సెకన్ల దగ్గర వస్తుంది. చివర్లో తేడా దాదాపు ముక్కాలు సెకను, అంటే 17 ఫ్రేములు. అతని తప్పు లేదు. ఏ రేటులో పని చేయాలో నేను చెప్పలేదు, ఫైల్ మీద రాయలేదు.

తేలియా రుమాలు ఎట్లా నేస్తారో చూసినవాళ్లకు ఈ నష్టం ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ రంగు బట్ట మీద పడదు, దారం మీద పడుతుంది. పడుగు దారానికీ పేక దారానికీ ముందే చిటికి కట్టి, రంగు ఎక్కడ ఎక్కాలో ఎక్కడ ఎక్కకూడదో తేల్చేస్తారు. మగ్గం మీదకు వచ్చాక ప్రతి దారం తన చోట తాను పడాలి. ఏ ఒక్క దారం జరిగినా అప్పటికప్పుడు పెద్దగా కనిపించదు. కానీ జరుగుడు పేరుకుంటే పువ్వు అంచు చెదిరిపోతుంది. అంత నిక్కచ్చి పని చేసే మనిషి మీద తీసిన సినిమాలో ఆయన చేతి దెబ్బ, దాని చప్పుడు వేరువేరుగా పడటం నాకు చాలా బాధ అనిపించింది.

అప్పటి నుంచి ఫ్రేమ్ రేట్‌ను మూడు చోట్ల రాస్తున్నాను: ఫైల్ పేరులో, బొమ్మ మీద టైమ్‌కోడ్ పక్కన, పంపేటప్పుడు పెట్టే మెసేజ్‌లో. "ఇరవై నాలుగు" అని నోటితో చెప్పడం చాలదు, పాయింట్ తర్వాతి అంకెలు కూడా చెప్పాలి. కొత్త ప్రాజెక్టులు 25లో మొదలుపెడుతున్నాను. దశాంశాల గొడవ ఉండదు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ మిణుకు మిణుకుమనే సమస్య కూడా చాలావరకు తప్పుతుంది. ఈ నిర్ణయం మాత్రం షూటింగ్‌కు ముందే జరగాలి. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైతే ఫుటేజ్ వేసి పని మొదలుపెట్టాక ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ మార్చడం కుదరదు.

ఫోన్‌తో తీసిన షాట్లు ఉన్నవాళ్లకు ఇంకో హెచ్చరిక. ఫోన్ కెమెరా 30 అని చెప్పినా, వెలుతురును బట్టి, ఫోన్ వేడెక్కినదాన్ని బట్టి ఫ్రేముల మధ్య ఎడం మారుస్తూ ఉంటుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇది పడదు, మాటలు పెదాల నుంచి మెల్లగా జారిపోతాయి. ఎడిటింగ్‌లోకి తేకముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ ఎంచుకుని మార్చుకోవాలి. టైమ్‌కోడ్ కాపీని హ్యాండ్‌బ్రేక్‌లో చిన్నది చేసేటప్పుడు కూడా అదే సెట్టింగ్ పెట్టాలి, రేట్ మీ టైమ్‌లైన్‌ది ఏదో అదే ఉండాలి.

సైజు ఎక్కడ తగ్గుతుంది

సైజు లెక్క చాలా సులువు. సెకనుకు ఎన్ని మెగాబిట్లో దాన్ని సెకన్లతో గుణించి, 8తో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి. రిజల్యూషన్, కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) ఏదైనా సరే, చివరికి ఫైల్ బరువు ఈ గుణకారమే.

నా 12 నిమిషాలు, అంటే 720 సెకన్లు తీసుకుందాం. ఫుల్ హెచ్‌డీలో ప్రోరెస్ 422 అనే బరువైన కోడెక్‌లో తీస్తే సెకనుకు దాదాపు 117 మెగాబిట్లు. మొత్తం 10 జీబీ దాటుతుంది. అప్‌లోడ్ వేగం సెకనుకు 5 మెగాబిట్లు ఉందనుకుంటే, మధ్యలో ఒక్కసారి కూడా కట్ కాకుండా పోయినా నాలుగున్నర గంటలు పైనే. అదే బాగా కుదించే హెచ్.264 కోడెక్‌లో బొమ్మకు 1 మెగాబిట్, శబ్దానికి ఇంకొంచెం ఇస్తే 100 ఎంబీ చుట్టూ వస్తుంది. మూడు నిమిషాల్లో వెళ్లిపోతుంది. నెట్ ఎప్పుడు ఎట్లా ఉంటుందో తెలియని చోట ఈ తేడా ఒక రోజు పనికి సమానం.

ఒక మెగాబిట్‌లో బొమ్మ ఎట్లా ఉంటుంది? షాట్‌ను బట్టి ఉంటుంది. తాత అరుగు మీద కూర్చుని మాట్లాడే షాట్, కెమెరా స్టాండ్ మీద కదలకుండా ఉంది, గోడ కదలదు, మొహం ఒక్కటే కదులుతుంది. అది హాయిగా నిలబడుతుంది. మగ్గం మీద పడుగు దారాలు వందలకొద్దీ కిందికీ మీదికీ కదిలే క్లోజప్ మాత్రం గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. ఎందుకంటే ఆ సెకనులో ప్రతి అంగుళం మారుతోంది, సరిపడా బిట్లు లేవు. పర్వాలేదు. సౌండ్ చేసే మనిషికి దారం రంగు అక్కర్లేదు, దెబ్బ ఏ ఫ్రేమ్‌లో పడిందో కనిపిస్తే చాలు. డబ్బింగ్‌కు వెళ్లే కాపీ అయితే పెదాలు స్పష్టంగా కనపడాలి కాబట్టి 1280 బై 720 సైజులో 2 మెగాబిట్ల దాకా ఇస్తాను. సౌండ్, సంగీతానికి 960 బై 540 సరిపోతుంది. ఫుల్ హెచ్‌డీకి అది సరిగ్గా సగం, కాబట్టి కుదింపు కూడా శుభ్రంగా ఉంటుంది.

హెచ్.265 వాడితే ఇంకా చిన్నగా వస్తుంది కదా అని అడుగుతారు. వస్తుంది. కానీ అవతలి మనిషి పాత కంప్యూటర్ దాన్ని విప్పడానికి రొప్పుతుంది. సౌండ్ సాఫ్ట్‌వేర్ పక్కన వీడియో కుంటుతూ నడిస్తే పనికి రాదు. నేను హెచ్.264 దగ్గరే ఆగుతాను.

ఎక్కువమంది పట్టించుకోని సెట్టింగ్ ఒకటుంది: కీఫ్రేమ్ దూరం. హెచ్.264 ప్రతి ఫ్రేమ్‌నూ పూర్తిగా దాచదు. ఒక ఫ్రేమ్‌ను పూర్తిగా దాచి, ఆ తర్వాతవాటికి "పోయినదానికీ దీనికీ మారింది ఇంత" అని మాత్రమే రాసుకుంటుంది. ఆ పూర్తి ఫ్రేమ్‌నే కీఫ్రేమ్ అంటారు. చాలా ఎన్‌కోడర్లు వాడే ఎక్స్264లో మామూలుగా ఇది 250 ఫ్రేముల దాకా ఒకసారి రావచ్చు, అంటే పది సెకన్లకు ఒకటి. సినిమా చూసేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. కానీ సౌండ్ చేసేవాళ్లు రోజంతా ముందుకూ వెనక్కీ జరుపుతూ ఉంటారు. ఒక్క ఫ్రేమ్ వెనక్కి వెళ్లాలన్నా కంప్యూటర్ ముందటి కీఫ్రేమ్ దాకా పోయి అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, ఒక్కోసారి తెర మీద కనిపించే ఫ్రేమ్, లోపల ఉన్న ఫ్రేమ్ వేరుగా ఉంటాయి. కీఫ్రేమ్ దూరాన్ని ఒక సెకనుకు, అంటే 24 లేదా 25కు తగ్గించండి. ఫైల్ కాస్త పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టాల్సిందే.

అంకెలు బొమ్మ మీదే ఎందుకు

ఫైల్ లోపల టైమ్‌కోడ్‌ను విడిగా దాచే ఏర్పాటు ఉంది, ఎంఓవీ ఫైళ్లలో దాన్ని మోసుకెళ్లే ట్రాక్ ఉంటుంది. కానీ ఎంపీ4గా మార్చి, ఫోన్లో చూసి, ఇంకొకరికి పంపేసరికి అది మాయమవుతుంది, లేదా అవతలి ప్లేయర్ దాన్ని చదవదు. బొమ్మ మీద ముద్ర వేసిన అంకె ఎక్కడికీ పోదు. అందుకే బర్న్-ఇన్.

రిజాల్వ్‌లో వర్క్‌స్పేస్ మెనూలో డేటా బర్న్-ఇన్ అని ఉంటుంది, అందులో రికార్డ్ టైమ్‌కోడ్ టిక్ పెట్టాలి. ప్రీమియర్ ప్రోలో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎఫెక్ట్స్ భాగంలో టైమ్‌కోడ్ ఓవర్‌లే దొరుకుతుంది. లేదంటే అన్నిటికన్నా పై ట్రాక్ మీద అడ్జస్ట్‌మెంట్ లేయర్ పరిచి దానికి టైమ్‌కోడ్ ఎఫెక్ట్ ఇవ్వాలి. ఒక్కో క్లిప్‌కు విడిగా ఇస్తే సినిమా నంబరుకు బదులు ఆ క్లిప్ సొంత నంబరు కనిపించే ప్రమాదం ఉంది. అవిడ్‌లో టైమ్‌కోడ్ బర్న్-ఇన్ పేరుతోనే ఎఫెక్ట్ ఉంది. ఫైనల్ కట్ ప్రోలో జెనరేటర్లలో వెతకండి. కమాండ్లు టైప్ చేయడం అలవాటున్నవాళ్లు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో కుదింపు, అంకెలు రెండూ ఒకేసారి చేసుకోవచ్చు.

రికార్డ్ టైమ్‌కోడ్‌కూ సోర్స్ టైమ్‌కోడ్‌కూ తేడా గుర్తుంచుకోవాలి. రికార్డ్ అంటే ఎడిట్ చేసిన సినిమా నంబరు. సోర్స్ అంటే కెమెరా ఆ షాట్ తీసినప్పుడు ఇచ్చుకున్న నంబరు. సౌండ్, సంగీతం, డబ్బింగ్ వాళ్లకు మొదటిదే కావాలి. గ్రాఫిక్స్ చేసేవాళ్లకు ఒరిజినల్ షాట్ వెతుక్కోవాల్సి వస్తుంది కాబట్టి క్లిప్ పేరు, సోర్స్ నంబరు కూడా ఇవ్వాలి. అన్నీ అందరికీ వేస్తే బొమ్మ కనబడదు. ఒకసారి సబ్‌టైటిల్స్ చేసే మిత్రుడు సోర్స్ నంబర్లు చూసి టైమింగ్ రాసుకున్నాడు, రెండు రోజుల పని మళ్లీ చేయాల్సి వచ్చింది. ఒక్కొక్కరికి అవసరమైన అంకె ఒక్కటే పంపడం నాకు అప్పుడు అలవాటైంది.

అంకెల రంగు తెలుపు, వెనక సగం పారదర్శకంగా ఉన్న నలుపు. ఎరుపు వేయకండి. హెచ్.264 ఫైళ్లు మామూలుగా రంగు సమాచారాన్ని వెలుతురు కంటే తక్కువ వివరంతో దాస్తాయి, అందుకే చిన్న ఎర్ర అక్షరాల అంచులు అలుక్కుపోతాయి, 3 ఏదో 8 ఏదో తెలియదు. సబ్‌టైటిల్స్ ఉంటే అంకెల్ని పైకి జరపండి. బొమ్మను సగానికి కుదించాక కూడా చదవగలిగేంత పెద్దగా ఉండాలి, దీన్ని ఫోన్లో పెట్టి చూసుకుంటేనే తెలుస్తుంది. టైమ్‌కోడ్ పక్కన వెర్షన్ నంబరు, తేదీ, ఫ్రేమ్ రేట్ వేస్తాను. ఇంకా విడుదల కాని సినిమా అయితే ఎవరికి పంపుతున్నానో వాళ్ల పేరు కూడా మధ్యలో పల్చగా వేస్తాను. విడుదలకు ముందే ఒక పెద్ద తెలుగు సినిమాలో చాలా భాగం బయటికి రావడం 2013లో చూశాం. పేరున్న కాపీని ఎవరూ అంత తేలిగ్గా చేతులు మార్చరు.

ఒక గంట దగ్గర ఎందుకు మొదలవుతుంది

సినిమా మొదటి ఫ్రేమ్ 00:00:00:00 కాకుండా 01:00:00:00 దగ్గర పెట్టడం ఆనవాయితీ. రిజాల్వ్ తనంత తానే అలా పెడుతుంది, ప్రీమియర్‌లో టైమ్‌లైన్ మెనూలోకి పోయి స్టార్ట్ టైమ్ మార్చుకోవాలి. కారణం ఉంది. బొమ్మకు ముందు కాస్త చోటు కావాలి. సున్నా దగ్గర మొదలుపెడితే దానికి ముందుండే నంబరు 23:59:59, అక్కడ ఏ సాఫ్ట్‌వేర్ అయినా తికమకపడుతుంది.

ఆ చోటు దేనికంటే, పాప్ కోసం. బొమ్మ మొదలయ్యేందుకు సరిగ్గా రెండు సెకన్ల ముందు, 00:59:58:00 దగ్గర, ఒకే ఒక్క ఫ్రేమ్ పాటు "బీప్" పెడతారు. అదే ఫ్రేమ్‌లో తెర మీద 2 అంకె మెరుస్తుంది. సౌండ్ తయారై తిరిగి వచ్చినప్పుడు ఆ బీప్‌ను ఆ ఫ్రేమ్ మీద కూర్చోబెడితే మొదలు కుదిరినట్టే. సినిమా అయిపోయిన రెండు సెకన్లకు ఇంకో బీప్ పెట్టండి. మొదటిది కుదిరి రెండోది కుదరకపోతే ఫ్రేమ్ రేట్ ఎక్కడో మారిందని అర్థం. నా సినిమాలో చివరి బీప్ పెట్టి ఉంటే ఆ ముక్కాలు సెకను తేడా మిక్స్ తెరిచిన మొదటి నిమిషంలోనే దొరికేది. నేను పెట్టలేదు.

శబ్దంలో ఇంకొక చిన్న విషయం. ఎంపీ4లో వాడే ఏఏసీ పద్ధతి మొదట్లో కొంత ఖాళీ చేరుస్తుంది. కొన్ని ఎన్‌కోడర్లలో అది 2112 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర 44 మిల్లీసెకన్లు. అంటే ఒక ఫ్రేమ్ కంటే కొంచెం ఎక్కువ. మంచి ప్లేయర్లు దాన్ని తీసేసి వినిపిస్తాయి, కొన్ని తీసెయ్యవు. వినడానికి పంపే కాపీ అయితే ఏఏసీ చాలు. దాన్నే పక్కన పెట్టుకుని పనిచేసే సౌండ్ మనిషికైతే ఎంఓవీ ఫైల్‌లో కుదించని పీసీఎం శబ్దం పెడతాను. ఒకే చానెల్ అయితే 12 నిమిషాలకు 70 ఎంబీ ఎక్కువవుతుంది, అంతే. సంగీతానికి పంపేటప్పుడు రెండు చానెళ్లు ఇచ్చి, మాటలు ఎడమ వైపు, తాత్కాలికంగా వేసుకున్న సంగీతం కుడి వైపు పెడితే, వాళ్లకు ఏది వద్దనుకుంటే అది మూసేసుకునే వీలుంటుంది.

పంపేటప్పుడు

వ్యాఖ్యానం చదివే అక్క మహబూబ్‌నగర్‌లో టీచర్. బడి అయిపోయాక ఇంట్లో తలుపులు మూసి, ఫోన్లో బొమ్మ చూసుకుంటూ రికార్డ్ చేస్తుంది. ఆమెకు మొదటిసారి గ్యాలరీలోంచి వాట్సాప్‌లో పంపాను. "తమ్మీ, కింద అంకెలు అలుక్కుపోయినయ్, ఏడా ఒకటా తెలుస్తలేదు" అంది. గ్యాలరీ నుంచి వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదిస్తుంది. మనం చూసుకుని పెట్టిన బిట్‌రేట్, కీఫ్రేములు ఏవీ మిగలవు. డాక్యుమెంట్‌గా పంపాలి, అప్పుడు ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. 2022 నుంచి 2 జీబీ దాకా అట్లా పంపొచ్చు. గూగుల్ డ్రైవ్ లింక్ ఇచ్చినా డౌన్‌లోడ్ చేసుకుని చూడమని గట్టిగా చెప్పాలి. బ్రౌజర్లో నేరుగా ప్లే చేస్తే కనిపించేది గూగుల్ మళ్లీ కుదించిన కాపీ.

ఎడిట్ మారితే వెర్షన్ మారాలి. నాలుగో నిమిషంలో మూడు సెకన్లు తీసేస్తే ఆ తర్వాతి నంబర్లన్నీ మూడు సెకన్లు ముందుకు వస్తాయి. అప్పటిదాకా అందరూ రాసుకున్న కాగితాలు పనికిరావు. కాబట్టి ఎడిట్ లాక్ అయ్యాకే, అంటే ఇక మార్పులు లేవని తేల్చుకున్నాకే, ఈ కాపీలు తీయడం మంచిది. తప్పక మార్చాల్సి వస్తే కొత్త కాపీతోపాటు ఎక్కడి నుంచి ఎన్ని ఫ్రేములు జరిగాయో ఒక్క వాక్యంలో రాసి పంపండి. పాత కాపీ డిలీట్ చేయమని కూడా చెప్పండి. నేను చెప్పకపోతే అది ఎవరో ఒకరి ఫోన్లో ఉండిపోతుంది.

అప్‌లోడ్ నొక్కే ముందు ఐదు నిమిషాల పని ఒకటుంది. తీసిన చిన్న ఫైల్‌ను మళ్లీ అదే టైమ్‌లైన్‌లోకి తెచ్చి, అన్నిటికన్నా పైన, మొదటి ఫ్రేమ్‌కు మొదటి ఫ్రేమ్ కలిసేలా పెట్టండి. ఇప్పుడు బొమ్మ మీద ముద్రపడిన అంకె, సాఫ్ట్‌వేర్ చూపించే అంకె పక్కపక్కనే కనిపిస్తాయి. మొదట్లో చూడండి, మధ్యలో చూడండి, చివర్లో చూడండి. నేనైతే చివరి పరీక్షకు ఎప్పుడూ ఒకే షాట్ దగ్గరికి పోతాను: తాత ఆ రోజుకు ఆఖరి పేక దారం వేసి దెబ్బ కొట్టే చోటు. సాఫ్ట్‌వేర్ 01:11:48:16 చూపిస్తున్నప్పుడు నల్ల పట్టీ మీద కూడా 01:11:48:16 ఉండాలి, దెబ్బ దారానికి తగిలే ఫ్రేమ్ అదే అయ్యుండాలి, స్పీకర్లో "టక్" అక్కడే వినబడాలి. మూడూ కలిస్తే ఫైల్ కృష్ణానగర్‌కు బయలుదేరుతుంది.